లైఫ్ కోచింగ్ మొదలుపెట్టే ముందు తేల్చుకోవలసిన సంగతులు

మీరు అడిగినది క్లుప్తంగా ఇది. హైదరాబాద్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చాలా ఏళ్లుగా మానవ వనరుల విభాగంలో పనిచేస్తున్నారు. సహోద్యోగులు ఉద్యోగపు చిక్కులతో పాటు ఇంటి సంగతులు కూడా మీ దగ్గర చెప్పుకుంటారు. అదే పనిని తెలుగులో, వ్యక్తిగత జీవితానికీ వృత్తి జీవితానికీ కోచ్‌గా, బతుకుతెరువు చేసుకోవాలనుకుంటున్నారు. ఏ కోర్సు చేయాలి, ఫీజు ఎంత పెట్టాలి, రాజీనామా ఇప్పుడే చేయవచ్చా అన్నవి మీ ప్రశ్నలు. వాటికి సమాధానాలు చెబుతాను. కానీ వాటికంటే ముందు తేల్చుకోవలసినవి వేరే ఉన్నాయి: మీ దగ్గరకు వచ్చే ఏ పనిని మీరు ఒప్పుకోరు, ఎవరి తరఫున పనిచేస్తారు, ఎక్కడ ఆగిపోతారు. వీటిని కాగితం మీద స్పష్టంగా రాసుకోగలిగితే కోర్సూ ఫీజూ పెద్ద కష్టం లేకుండా తేలిపోతాయి. రాసుకోకుండా దిగినవాళ్లు ఎంత మంచి శిక్షణ పొందినా తొలి ఏడాదిలోనే మొహమాటానికి పోయి చిక్కుల్లో పడటం ఈ వృత్తిలో తరచుగా చూస్తున్నాను.

మన దేశంలో లైఫ్ కోచ్‌గా పనిచేయడానికి ప్రభుత్వ లైసెన్సు ఏదీ లేదు. రెండు రోజుల వర్క్‌షాపుకు వెళ్లివచ్చినవారూ, ఏళ్ల తరబడి శిక్షణ పొందినవారూ ఒకే పేరుతో బోర్డు పెట్టుకోవచ్చు. అయితే పక్కనే ఉన్న వృత్తులకు మాత్రం కంచెలు ఉన్నాయి. క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలంటే 1992 నాటి చట్టం కింద ఏర్పడిన రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదు కావాలి. అనుబంధ ఆరోగ్య వృత్తుల కోసం 2021లో వచ్చిన జాతీయ కమిషన్ చట్టం ఇతర సైకాలజిస్టులనూ, ఆరోగ్య రంగంలోని పలు రకాల కౌన్సెలర్లనూ తన పరిధిలోకి తీసుకుంది. మానసిక అనారోగ్యానికి చికిత్స అన్నది 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పరిధిలోని విషయం. కాబట్టి మీ విజిటింగ్ కార్డు మీద, వాట్సాప్ ప్రొఫైల్‌లో, ఇన్‌స్టాగ్రామ్ పేజీలో థెరపీ, చికిత్స, డిప్రెషన్ నుంచి విముక్తి, ట్రామా హీలింగ్ లాంటి మాటలు ఏవీ ఉండకూడదు. చట్టం భయం ఒక కారణం మాత్రమే. ఆ మాటలు చూసి వచ్చే మనిషికి కావలసిన సాయం మీ దగ్గర ఉండదు, ఆ సంగతి అతనికి తెలిసేసరికి కొన్ని నెలలు గడిచిపోతాయి.

ఈ హద్దు గురించి కొంత వివరంగా చెప్పక తప్పదు, ఎందుకంటే తెలుగువారితో పనిచేసే కోచ్‌కు అసలు పరీక్ష ఇక్కడే ఎదురవుతుంది. హైదరాబాద్‌లో మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ పేరును మనవాళ్లు వెక్కిరింతకు వాడతారు. సైకియాట్రిస్టు దగ్గరకు వెళుతున్నానని ఇంట్లో చెప్పడానికి జంకే మనిషి, కోచ్ దగ్గరకు వెళుతున్నానని ధైర్యంగా చెప్పగలడు. కోచ్ అంటే కెరీర్, ప్రమోషన్, ఆత్మవిశ్వాసం. పెళ్లి సంబంధాలకు అడ్డం రాదు, బంధువుల్లో పరువు పోదు. అందువల్ల వైద్యుడిని కలవవలసిన వారిలో కొంతమంది మొదట మీ గుమ్మమే తొక్కుతారు. ఇది మన దగ్గరి సంగతి మాత్రమే కాదు. ఆస్ట్రేలియాలో లైఫ్ కోచింగ్ మీద జరిగిన అధ్యయనాల్లో కోచింగ్ కోసం వచ్చినవారిలో దాదాపు నాలుగో వంతు ఒక చోట, సగం మంది మరో చోట, వైద్యపరంగా పట్టించుకోవలసినంత మానసిక బాధతో ఉన్నట్టు తేలింది. మానసిక రోగాన్ని చిన్నచూపు చూసే సమాజంలో ఆ నిష్పత్తి తగ్గుతుందని అనుకోవడానికి నాకు కారణం కనిపించదు.

అలా వచ్చిన మనిషి మీ ముందు కూర్చుని తనకు డిప్రెషన్ అని చెప్పడు. ఏకాగ్రత కుదరడం లేదంటాడు, టైమ్ మేనేజ్‌మెంట్ నేర్పమంటాడు, బద్ధకం పోవాలంటాడు. మీరు నిద్ర గురించి అడిగితే తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోందని తేలుతుంది. తిండి గురించి అడిగితే బట్టలు వదులైన సంగతి బయటపడుతుంది. ఇంతకుముందు ఆదివారం క్రికెట్ ఆడేవాడు, ఇప్పుడు బ్యాటు ఎక్కడుందో కూడా తెలియదు. ఇలాంటివి రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం ఉంటున్నాయంటే మీ పట్టికలూ లక్ష్యాలూ పక్కన పెట్టి అతన్ని వైద్యుడి దగ్గరకు పంపాలి. వైద్యులు వాడే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళి కూడా గత రెండు వారాల గురించే అడుగుతుంది. అందులో 27కు 10 గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే మధ్యస్థ స్థాయి డిప్రెషన్ ఉండవచ్చని భావిస్తారు. మీరు దాన్ని ఇచ్చి రోగం నిర్ణయించమని నేను చెప్పడం లేదు, అది మీ పని కాదు. కానీ అందులోని 9 ప్రశ్నలు ఏమిటో ప్రతి కోచ్‌కూ తెలిసి ఉండాలి.

పంపడం ఎలా అన్నది ముందే సాధన చేసుకోవలసిన విషయం. ఆ క్షణంలో మాటలు వెతుక్కుంటే తడబడతారు, తడబడితే ఎదుటివాడికి తనను వదిలించుకుంటున్నారనిపిస్తుంది. నేను సుమారుగా ఇలా చెబుతాను: “మీరు చెప్పినదాంట్లో నేను సాయం చేయగలిగిన భాగం ఒకటి ఉంది, డాక్టరు చూడవలసిన భాగం ఒకటి ఉంది. నిద్ర సంగతి ముందు డాక్టరు చూడాలి. నాకు తెలిసిన ఇద్దరి పేర్లు ఇస్తాను, వాళ్లలో ఒకరు సాయంత్రం క్లినిక్‌లో ఉంటారు. నిద్ర కుదుటపడ్డాక ఉద్యోగం గురించి మనం మళ్లీ కూర్చుందాం.” ఇందులో మళ్లీ కూర్చుందాం అన్న మాట ముఖ్యం. అది వట్టి మర్యాద కోసం కాకుండా, నిజంగానే తేదీ వేసుకోవాలి. ఇందుకోసం మొదటి క్లయింటును ఒప్పుకోక ముందే మీ దగ్గర ఇద్దరు సైకియాట్రిస్టులు, ఇద్దరు నమోదైన క్లినికల్ సైకాలజిస్టుల వివరాలు ఉండాలి. వాళ్లను స్వయంగా కలిసి, మీరు చేసే పని ఏమిటో చెప్పి రావాలి.

చనిపోవాలనిపిస్తోంది అన్న మాట సూచనగా వినిపించినా సరే, దాన్ని దాటవేయకుండా సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమో అన్న భయం చాలామందిలో ఉంది, అది నిజం కాదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఉచితంగా, తెలుగులో కూడా దొరుకుతుంది. ఫోను ఆ గదిలోనే, మీ ఎదుటే చేయించవచ్చు. ప్రాణాపాయం ఉందనిపిస్తే ఇంట్లోవాళ్లకు చెబుతామన్న షరతు మొదటి రోజు ఒప్పందంలోనే రాసి ఉండాలి. అలా రాసి ఉంటే ఆ రోజు మీరు మాట తప్పినవారు కారు. భార్యాభర్తల మధ్య కొట్టడం, బెదిరించడం ఉన్న సందర్భాల్లోనూ అంతే. అది సర్దుకుపోవడం నేర్పే విషయం కాదు. మహిళలకు 181 హెల్ప్‌లైన్ ఉంది, 2005 నాటి గృహహింస చట్టం ఉంది, ఆ దారి చూపించాలి.

ఇక కోర్సు సంగతి. ప్రపంచంలో ఎక్కువగా గుర్తింపు ఉన్నది ఇంటర్నేషనల్ కోచింగ్ ఫెడరేషన్. మనవాళ్లు ఐసీఎఫ్ అంటారు. ఆర్థిక ప్రణాళికలు వేసే వృత్తిలోంచి కోచింగ్‌లోకి వచ్చిన థామస్ లెనార్డ్ అనే అమెరికన్ 1995లో దాన్ని స్థాపించారు. అది ప్రభుత్వ సంస్థ కాదు, వృత్తిలో ఉన్నవారు తమకు తాము పెట్టుకున్న ప్రమాణం. దాని ధ్రువపత్రాల్లో మొదటిది ఏసీసీ. దానికి కనీసం 60 గంటల శిక్షణ, 100 గంటల కోచింగ్ అనుభవం కావాలి. ఆ 100 గంటల్లో 75 డబ్బు తీసుకుని చేసినవై ఉండాలి, క్లయింట్లు కనీసం 8 మంది ఉండాలి. తర్వాతిదైన పీసీసీకి 125 గంటల శిక్షణ, 500 గంటల అనుభవం. ఆపైన ఎంసీసీకి 2500 గంటల అనుభవం కావాలి. వీటిని మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏసీసీ దారిలో 10 గంటల పాటు ఒక మెంటార్ కోచ్ మీ సెషన్లు విని, మీరు ఎక్కడ తొందరపడ్డారో, ఎక్కడ సలహా ఇచ్చేశారో చెబుతారు. నా దృష్టిలో మొత్తం శిక్షణలో అత్యంత విలువైనవి ఆ పది గంటలే.

అందుకని కోర్సు ఎంచుకునేటప్పుడు బ్రోషరులో ఉన్న ఫొటోలు, ఫైవ్ స్టార్ హోటల్లో జరిగే స్నాతకోత్సవం చూడకండి. రెండు ప్రశ్నలు అడగండి. మీ కోర్సుకు ఐసీఎఫ్ లెవెల్ 1 లేదా లెవెల్ 2 గుర్తింపు ఉందా అన్నది మొదటిది. వాళ్లు ఉందన్నా ఐసీఎఫ్ వెబ్‌సైటులో మీరే సరిచూసుకోండి. నేను చేసిన అసలైన సెషన్లను ఎవరు, ఎన్నిసార్లు విని అభిప్రాయం రాసి ఇస్తారు అన్నది రెండోది. దీనికి నీళ్లు నమిలితే ఆ కోర్సు వదిలేయండి. శని, ఆదివారాల్లో ఎన్ఎల్‌పీ (మాటల ద్వారా ఆలోచనలను మార్చవచ్చనే పద్ధతి), హిప్నాసిస్, లా ఆఫ్ అట్రాక్షన్ మూడూ కలిపి నేర్పి మాస్టర్ కోచ్ అని పట్టా ఇచ్చేవి ఊరూరా వచ్చాయి. వాటి మీద నా అభిప్రాయం కటువైనదే: అవి మీకు వేదిక మీద మాట్లాడే ఉత్సాహం ఇస్తాయి, ఎదురుగా కూర్చున్న ఒక్క మనిషి మాట వినడం నేర్పవు. తెలుగునాట వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాలకు పెద్ద ఆదరణ ఉంది, దాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ వందమందిని ఉత్తేజపరచడం, ఒక్కరి దగ్గర మౌనంగా ఉండగలగడం రెండూ వేర్వేరు విద్యలు.

మీ మానవ వనరుల అనుభవం ఈ పనికి ఎంత ఉపయోగమో అంత అడ్డం కూడా. కంపెనీలు ఎలా నడుస్తాయో, అప్రైజల్ గదిలో ఏం జరుగుతుందో మీకు తెలుసు. కొత్త కోచ్‌లలో చాలామందికి లేని బలం అది. అయితే ఇన్నేళ్లూ మీ ముందు ఎవరైనా సమస్య చెబితే పరిష్కారం చెప్పడం, లేదా పాలసీ చెప్పడం మీ ఉద్యోగం. ఆ అలవాటు పోవడానికి సమయం పడుతుంది. పైగా క్లయింటు కూడా మిమ్మల్ని అదే అడుగుతాడు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో చదువుకుని వచ్చిన తరం మనది. ఫీజు కట్టాక సారు చెప్పాలి, మనం రాసుకోవాలి.

వివరాలు మార్చి ఒక సందర్భం చెబుతాను. ఒక యువకుడికి పుణెలో మంచి జీతంతో ఆఫర్ వచ్చింది. ఖమ్మంలో ఉన్న తల్లికి మోకాలి ఆపరేషన్ అయి ఎక్కువ రోజులు కాలేదు. కూర్చుంటూనే అడిగాడు: “మేడమ్, తీసుకోమంటారా, వద్దంటారా? మీరు ఏదంటే అదే.” నా మనసులో ఒక సమాధానం లేకపోలేదు. అది చెప్పకుండా, “ఆఫర్ తీసుకున్నారనుకోండి. మొదటి జీతం పడిన రాత్రి ఇంటికి ఫోన్ చేస్తారు. ఏం మాట్లాడతారు?” అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. కొత్త కోచ్‌లు ఈ నిశ్శబ్దాన్ని భరించలేక మరో ప్రశ్న వేసేస్తారు. చివరికి అతను, “అమ్మ ఎలా నడుస్తోందని అన్నయ్యను అడుగుతాను... అన్నయ్య విసుక్కుంటాడు. నిజానికి పుణె సంగతి కాదు మేడమ్. అమ్మను ఎవరు చూసుకోవాలో మేమిద్దరం ఎప్పుడూ కూర్చుని మాట్లాడుకోలేదు” అన్నాడు. మిగిలిన సెషన్ అంతా ఆ మాట అన్నగారి దగ్గర ఎలా ఎత్తాలి, వదిన ఎదుట ఎత్తాలా, ఏ రోజు వెళ్లాలి అన్నదాని మీదే నడిచింది. ఆఫర్ విషయం అతనే ఆ తర్వాత తేల్చుకున్నాడు.

బ్రిటన్‌కు చెందిన జాన్ విట్‌మోర్ ప్రచారంలోకి తెచ్చిన గ్రో నమూనా మీకు మొదటి వారంలోనే నేర్పుతారు: లక్ష్యం, వాస్తవ పరిస్థితి, ఉన్న దారులు, చేయబోయే పని. చూడటానికి సులభంగా ఉంటుంది. చాలామంది లక్ష్యాన్ని క్లయింటు చెప్పిన మొదటి మాట దగ్గరే ఖాయం చేసేసి, గబగబా దారుల దగ్గరకు పరుగెత్తుతారు. పై సందర్భంలో అలా చేసి ఉంటే పుణె ఆఫర్ లాభనష్టాల పట్టిక తయారయ్యేది, అన్నదమ్ముల మాట బయటికే వచ్చేది కాదు.

అలాగని ఏమీ చెప్పకూడదన్న నియమాన్ని మూర్ఖంగా పట్టుకోవడం కూడా సరికాదు. నోటీసు పీరియడ్ గురించో, గ్రాట్యుటీ గురించో అడిగితే నీకేమనిపిస్తోంది అని ఎదురు ప్రశ్న వేసే కోచ్‌ను చూసి క్లయింటు నవ్వుకుంటాడు. సమాచారం సమాచారంగా చెప్పండి, నిర్ణయం అతనికి వదిలేయండి. మన భాషలో పెద్దవారికి ఎదురు చెప్పడం కష్టం కనుక, మీరు వయసులో పెద్దవారైతే మీ నోటి నుంచి వచ్చిన చిన్న అభిప్రాయం కూడా ఆజ్ఞ అయిపోతుంది. వయసులో చిన్నవారినైనా మీరు అని పిలవడం వల్ల ఈ బరువు కొంత తగ్గుతుందని నా అనుభవం.

ఎవరి తరఫున పనిచేస్తారన్న ప్రశ్న మీ విషయంలో మరింత పదునుగా ఉంటుంది. మీ పరిచయాలన్నీ కంపెనీల్లోనే కనుక మొదటి పెద్ద పనులు అక్కడి నుంచే వస్తాయి. అక్కడ డబ్బు కట్టేది సంస్థ, కూర్చుని మాట్లాడేది ఉద్యోగి. మొదలుపెట్టక ముందే ఉద్యోగి, అతని మేనేజరు, మీరు ముగ్గురూ ఒకే గదిలో కూర్చోవాలి. మేనేజరుకు ఏ మార్పు కావాలో ఉద్యోగి ఎదుటే చెప్పించాలి. ఎన్ని సెషన్లు జరిగాయో, వచ్చాడో లేదో మాత్రమే సంస్థకు తెలుస్తుందనీ, లోపల ఏం మాట్లాడారో తెలియదనీ, పురోగతి గురించి చెప్పవలసింది ఉద్యోగే గాని మీరు కాదనీ రాసి సంతకాలు చేయించాలి. ఇంత చేసినా మూడో వారంలో ఫోను వస్తుంది: “మనలో మాట, అతను మానేసే ఆలోచనలో ఉన్నాడా?” అడిగేవారు మీ పాత సహోద్యోగి కావచ్చు. మీరూ హెచ్ఆర్ మనిషే కదా అన్న చనువు ఆ గొంతులో ఉంటుంది. ఒప్పందం చూపించి, ఆ సంగతి నేరుగా అతన్నే అడగమని చెప్పడం తప్ప మరో జవాబు లేదు. అవునని చెప్పడమే కాదు, కాదని చెప్పినా ఒప్పందం తప్పినట్టే. ఎందుకంటే రేపు ఇంకొకరి విషయంలో మీరు మౌనంగా ఉంటే అది అవునని అర్థమవుతుంది. ఒక ఉద్యోగిని తీసేయడానికి ముందే నిర్ణయించుకుని, అవకాశం ఇచ్చామని ఫైల్లో చూపించడానికి కోచ్‌ను పెట్టే సందర్భాలు కూడా ఉంటాయి. పిప్‌లో, అంటే పనితీరు మెరుగుపరచుకోవడానికి సంస్థ ఇచ్చే గడువులో, ఉన్న వ్యక్తిని అప్పగిస్తున్నారంటే నిర్ణయం ఇంకా జరగలేదని లిఖితపూర్వకంగా అడగండి, ఇవ్వకపోతే ఆ పని ఒప్పుకోవద్దు.

విదేశీ కోర్సుల్లో నేర్పని మూడో పక్షం ఒకటి మన ఇళ్లలో ఉంది, అది కుటుంబం. పాతికేళ్ల కొడుకు ఫీజు తండ్రి కడతాడు. రెండో సెషన్ అయ్యాక ఫోను వస్తుంది: “ఏమంటున్నాడండీ మావాడు? అమెరికా వెళతానంటున్నాడా లేదా?” ఆయన చెడ్డవాడు కాదు, పొలం అమ్మి చదివించిన మనిషి, అడగడం తన హక్కు అనుకుంటాడు. ఆయనతో కఠినంగా మాట్లాడితే తర్వాతి సెషన్ ఉండదు, మెత్తగా చెప్పేస్తే కొడుకు మళ్లీ నోరు విప్పడు. అందుకే మొదటి రోజే, డబ్బు తీసుకోక ముందే, తండ్రితో కొడుకు ఎదుట మాట్లాడాలి: “మీరు కడుతున్న ఫీజు మీ అబ్బాయి ఆలోచించుకోవడానికి. ఏం ఆలోచించుకున్నాడో అతనే మీకు చెబుతాడు. నేను చెప్పను. ఇది మీకు సమ్మతమైతేనే మొదలుపెడదాం.” ఒప్పుకోని తండ్రులూ ఉంటారు. వాళ్లను వదులుకోవడమే మేలు. పద్దెనిమిదేళ్లు నిండని వారిని కొత్తలో అసలు తీసుకోవద్దన్నది నా సలహా.

తెలుగులో చేస్తున్నారు కనుక అమెరికా నుంచి క్లయింట్లు తప్పకుండా వస్తారు. మన ఉదయం వారికి రాత్రి, పని వేళలు అందుకు తగ్గట్టు పెట్టుకోవాలి. అంతకంటే జాగ్రత్త పడవలసినది మరొకటి ఉంది. హెచ్-1బీ మీద ఉన్న వ్యక్తి ఉద్యోగం పోతే అతనికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఆ రోజుల్లో మీకు ఫోన్ చేసే మనిషికి వీసా గురించి మీరు ఒక్క మాట కూడా సలహాగా చెప్పకూడదు, అది అక్కడి ఇమిగ్రేషన్ లాయరు పని. మీరు చేయగలిగింది ఆ గాభరాలో ఈ వారం ఏ పనులు ముందు చేయాలో అతను క్రమంలో పెట్టుకునేలా చూడటం, ఊళ్లో అమ్మానాన్నలకు ఈ సంగతి ఎప్పుడు, ఎలా చెప్పాలో ఆలోచించుకోనివ్వడం. ఈ రెండోది వాళ్లను నిజంగా నిద్ర పోనివ్వని విషయం, దాన్ని తెలుగులో మాట్లాడుకోవడానికే మీ దగ్గరకు వస్తారు.

ఫీజు విషయానికి వస్తే, మార్కెట్లో ఎవరెంత తీసుకుంటున్నారన్నది చూసి లాభం లేదు, అంకెలు ఆకాశానికీ నేలకూ ఉన్నంత తేడాగా ఉంటాయి. మీ లెక్క మీరు వేసుకోండి. ఇంటి ఖర్చులకు నెలకు 90,000 రూపాయలు కావాలనుకోండి. నెలకు 30 సెషన్లు దొరికితే ఒక్కోదానికి 3,000 పడుతుంది, అదీ గది అద్దె, పన్ను, శిక్షణ ఖర్చు కలపకుండా. తొలి ఏడాది నెలకు దొరికేది 10 సెషన్లే అయితే ఆదాయం 30,000 మాత్రమే. గంట సెషన్ వెనుక సిద్ధం కావడం, నోట్సు రాయడం, మెసేజీలు కలిపి మరో గంట పోతుంది కనుక వారానికి 20 సెషన్లకు మించి ఎవరూ శ్రద్ధగా చేయలేరని నా అభిప్రాయం. స్నేహితులకు, బంధువులకు ఉచితంగా చేయడం మొదలుపెడితే అంతం ఉండదు. పైగా ఏసీసీకి కావలసిన 75 గంటలకు చిన్న మొత్తమైనా తీసుకుని తీరాలి. నిజానికి బంధువులను అసలు క్లయింట్లుగా తీసుకోకండి. పెళ్లిళ్లలో, పేరంటాల్లో ఎదురుపడే మనిషి మీకు చెప్పిన రహస్యం ఇద్దరినీ ఇబ్బంది పెడుతుంది. సెషన్‌కు రాకుండా ఎగ్గొడితే ఫీజు ఏమవుతుంది, ఎన్ని గంటల ముందు చెబితే మార్చుకోవచ్చు అన్నవి ఒప్పందంలో ఉండాలి. ఇవి నోటితో చెప్పడానికి మొహమాటపడే వారికి కాగితం ఎంతో సాయం చేస్తుంది.

పన్నుల సంగతి కొద్దిగా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షలు దాటితే జీఎస్టీ నమోదు తప్పనిసరి, రేటు 18 శాతం. విదేశీ క్లయింట్ల నుంచి వచ్చేది కూడా ఆ 20 లక్షల లెక్కలోకి వస్తుంది, పన్ను మాత్రం షరతులకు లోబడి సున్నా. కంపెనీలు వృత్తి ఫీజు కింద చెల్లించేటప్పుడు సాధారణంగా 10 శాతం టీడీఎస్ పట్టుకుని ఇస్తాయి. మొదటి బిల్లు వేయక ముందే ఒక ఆడిటరును కలవండి.

ప్రకటనల దగ్గర చాలామంది అదుపు తప్పుతారు. 90 రోజుల్లో జీవితం మారుతుంది, జీతం రెట్టింపు గ్యారంటీ అన్న రీళ్లు మీ ఫోన్లోనూ కనిపిస్తూనే ఉంటాయి. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదోవ పట్టించే ప్రకటనకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయల దాకా జరిమానా వేయవచ్చు. క్లయింటు మారడమన్నది అతని చేతిలో ఉన్నప్పుడు మీరు గ్యారంటీ ఎలా ఇస్తారన్నది అసలు ప్రశ్న. క్లయింట్ల ఫొటోలతో, వీడియోలతో ప్రశంసలు పెట్టడం కూడా నాకు నచ్చదు. అడిగితే వాళ్లు సరేనంటారు. కానీ సాయం చేసిన మనిషి అడిగినప్పుడు కాదనలేక ఇచ్చిన అనుమతిని నేను అనుమతిగా లెక్కించను. సెషన్ల రికార్డింగు శిక్షణ కోసం అవసరమైతే విడిగా రాతపూర్వకంగా అడగండి, విన్నాక చెరిపేయండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా అనుమతి తీసుకోవడాన్నీ, పని అయ్యాక తొలగించడాన్నీ కోరుతోంది. నోట్సులో పూర్తి పేర్లు రాయకండి, క్లయింటు విషయాలు ఇంట్లో అందరూ వాడే కంప్యూటరులో పెట్టకండి.

రాజీనామా గురించి చివరగా చెబుతున్నాను, ఎందుకంటే దాని జవాబు పైవాటన్నిటి మీదా ఆధారపడి ఉంది. ఇప్పుడే చేయవద్దు. ముందు మీ నియామక పత్రం తీసి బయటి పని గురించిన నిబంధన చదవండి. చాలా సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో రాతపూర్వక అనుమతి లేకుండా మరో సంపాదన ఉండకూడదు, ఈ సంగతి హెచ్ఆర్‌లో ఉన్న మీకు నేను చెప్పనక్కరలేదు. అనుమతి దొరికితే మీ కంపెనీ ఉద్యోగులను, మీతో పనిచేసే వెండర్లను మినహాయించి, వారాంతాల్లో మొదలుపెట్టండి. శిక్షణ 60 గంటలూ, అనుభవం 100 గంటలూ ఉద్యోగంలో ఉండగానే పూర్తవుతాయి. మీకు ముందు పరిచయం లేని మనుషులు, ఇంకొకరు చెప్పగా మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, మీరు అడిగిన ఫీజు బేరం లేకుండా కట్టడం వరుసగా ఆరు నెలలు జరిగితే, ఏడాది ఇంటి ఖర్చులు బ్యాంకులో ఉంటే, అప్పుడు నోటీసు ఇవ్వండి. అనుమతి దొరకకపోతే ఆ గంటలను సంపాదన లేకుండా తోటి శిక్షణార్థులతో సాధనగా చేసుకోండి. అవి ఏసీసీ గంటల లెక్కలోకి ఎంతవరకు వస్తాయో ఐసీఎఫ్ నియమాల్లో సరిచూసుకోండి.